పక్షవాతం వస్తే ఏ ఆస్పత్రికి పరుగెత్తాలి?

సంపాదకుల వారికి,

2020 ఆగస్టులో ఒక ఉదయం గాజువాకలోని మా ఇంట్లో నాన్నగారి చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. కరోనా జోరుగా ఉన్న రోజులు. ఆస్పత్రికెళ్తే లేని రోగం అంటుకుంటుందని అమ్మ ఏడ్చింది. చేతికి నూనె రాసి పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి కాలు కూడా పడిపోయింది. అప్పుడు ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, కరోనా టెస్టు రిజల్టు వచ్చాకే లోపలికి రానిస్తామన్నారు. స్కానింగ్ అయ్యేసరికి రాత్రయింది. మెదడు రక్తనాళంలో గడ్డ ఉంది, కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయింది అన్నారు. ఇవాళ్టికీ ఆయన ఎడమ చేత్తోనే అన్నం తింటారు. చొక్కా గుండీలు అమ్మ పెడుతుంది.

ఆ లాక్‌డౌన్ నెలల్లో దేశంలో చాలాచోట్ల పక్షవాతంతో ఆస్పత్రులకొచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారని డాక్టర్లు అప్పట్లోనే చెప్పారు. కరోనా సోకితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని తేలింది కూడా ఆ రోజుల్లోనే. అంటే మాలాగా ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో!

ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అదీ సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూశాకే. ఇప్పుడు కరోనా భయం లేదు. అయినా రాత్రి 2 గంటలకు ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోతే, ఆ వేళలో స్కాన్, ఇంజెక్షన్ రెండూ ఉండే ఆస్పత్రి ఏదో విశాఖలో ఎంతమందికి తెలుసు? తెలియక రెండు మూడు చోట్ల తిరిగితే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. జిల్లా వైద్యారోగ్య శాఖ ఆ ఆస్పత్రుల జాబితా ప్రకటించాలి. వార్డు సచివాలయాల్లో, ఆటోస్టాండ్లలో అతికించాలి. 108 సిబ్బంది పేషెంటుని నేరుగా అక్కడికే తీసుకెళ్లాలి, దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పాలి.

ఏజెన్సీ వాళ్ల సంగతి ఇంకా కష్టం. పాడేరు నుంచి ఘాట్ దిగి విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)కి చేరడానికే సుమారు మూడు గంటలు. పాడేరులోనే స్కాన్ తీసి, నగరంలోని న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) దాన్ని ఫోన్లో చూసి, అక్కడే ఇంజెక్షన్ వేయించే ఏర్పాటు పక్కాగా ఉండాలి. హిమాచల్‌ప్రదేశ్ కొండ ప్రాంతాల్లో ఈ పద్ధతి నడిపి చూపించారు.

అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. ఆలోగా అధికారులను అడిగి ఆ జాబితా మీ పత్రిక జిల్లా పేజీలో వేయించండి. కత్తిరించి మా వీధి తలుపు వెనక అంటించుకుంటాం.

- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం