పగుళ్ల లెక్క తేలేదాకా ఆ గోడ కింద పని ఆపించండి: గనుల భద్రతాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీ కార్మికులుగా మేమిచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

నల్లరాయి గట్టిదే, ప్రమాదమంతా దాని పగుళ్లలో ఉంది. మా క్వారీ తూర్పు గోడలో ఒక పగులు గుంత వైపే వాలి ఉంది. వానపడితే అందులోంచి మట్టినీళ్లు కారతాయి. దాని కింద రాయిని వైర్ సాతో, అంటే తీగ రంపంతో, కోసేస్తే పైబండకు ఆనిక ఉండదు. ఆ పగులును ఎవరూ పట్టించుకోరు; అమ్మే రాతి బ్లాకు రేటు తగ్గించే వెంట్రుకవాసి చారకు మాత్రం వెంటనే గుర్తుగా సుద్దగీత పడుతుంది!

2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర క్వారీలో రాళ్లు పడి ఒడిశా కార్మికులు ఆరుగురు చనిపోయారు. షిఫ్టు ముగిసేదాకా మా ఇళ్లలో టెన్షనే.

ప్రతి బెంచీలో, అంటే గోడను మెట్లుగా తవ్విన ప్రతి అంచెలో, పగుళ్ల వాలు, దిశ కంపాస్‌తో కొలిపించి త్రీడీ మోడల్ చేయించండి. కొత్త బెంచీ తీసినప్పుడల్లా దాన్ని సరిదిద్దించండి. గోడలు కూలకుండా బెంచీలుగానో వాలుగానో మలచాలని 1961 నాటి గనుల నిబంధనలే చెబుతున్నాయి. ఎంత వాలు కావాలో కొలవకుండా ఎలా తెలుస్తుంది?

అప్పటిదాకా తూర్పు గోడ కింద పని ఆపించి, ఆ రోజులకు కూలీ ఇప్పించండి.

ఇట్లు,
ఒక జాక్‌హామర్ కార్మికుడు