మా తమ్ముడు ఏమీ దాచలేదు: క్లెయిమ్ తిరస్కరణపై ఫిర్యాదు

హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న మా తమ్ముడి క్యాష్‌లెస్ తిరస్కరణ, పాలసీ రద్దు హెచ్చరిక, మీ ఇన్వెస్టిగేటర్ ప్రవర్తన.

నమస్తే. హన్మకొండ నుంచి రాస్తున్నాను. పాలసీ మా తమ్ముడి పేరు మీద ఉంది, నామినీని నేను. నాతో మాట్లాడవచ్చని వాడు సంతకం చేసి ఇచ్చిన లెటర్ దీనికి జత చేశాను, కాబట్టి దయచేసి ఇక వాడికి ఫోన్ చేయకండి. మీ తిరస్కరణ లెటర్ వాడి ఫోన్‌కే వచ్చింది. చేతికి కీమో డ్రిప్ ఉండగా, పక్కన నేను లేని టైంలో, "ముఖ్యమైన ఆరోగ్య సమాచారాన్ని దాచిపెట్టారు" అన్న వాక్యాన్ని వాడు ఒక్కడే చదువుకున్నాడు. నేను లోపలికి వెళ్ళగానే "అక్కా, నేనేం దాచిన?" అని అడిగాడు. ఈ లేఖ ముఖ్యంగా ఆ ప్రశ్నకు మీ నుంచి జవాబు కోసమే.

జరిగింది చెప్తాను. మా తమ్ముడికి 29 ఏళ్ళు, వరంగల్‌లో ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాడు. దసరా తర్వాత జ్వరం పట్టుకుంది, ఒకటే నీరసం, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదు, కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ఇక్కడి డాక్టర్ గారు సీబీసీ (రక్త కణాల లెక్క) రిపోర్ట్ చూసి ఆ రాత్రికే హైదరాబాద్ తీసుకెళ్ళమన్నారు. అక్కడ తుంటి ఎముక నుంచి బోన్ మ్యారో తీసి, కణాల రకం చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష కూడా చేసి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ అని తేల్చారు. మీ నెట్‌వర్క్ లిస్టులో పేరు ఉందని చూసుకునే ఆ ఆసుపత్రిలో చేర్పించాం.

క్యాష్‌లెస్ రిక్వెస్ట్ వెళ్ళిన దగ్గర్నుంచి మీరు ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు పంపుతూనే ఉన్నారు. మొదటిసారి చూపించుకున్న చీటీ కావాలన్నారు, ఇచ్చాం. జబ్బు ఎప్పటి నుంచి ఉందో డాక్టర్ సర్టిఫికెట్ కావాలన్నారు, అదీ ఇచ్చాం. అందులో లక్షణాలు మొదలై కొన్ని వారాలే అయిందని స్పష్టంగా ఉంది. తర్వాత పాత ఆసుపత్రి కాగితాలు ఏమున్నా పంపమన్నారు. ఇంట్లో ఉన్న ఫైలు మొత్తం స్కాన్ చేసి పంపాను. అందులో 2022 ఆగస్టులో వాడికి డెంగీ వచ్చినప్పటి రిపోర్టులు ఉన్నాయి, అప్పుడు ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. మీరు దాన్నే పట్టుకుని, 2022 నుంచే రక్త సంబంధ వ్యాధి ఉంది, 2023 ఫిబ్రవరిలో పాలసీ తీసుకునేటప్పుడు అది చెప్పలేదు, కాబట్టి క్లెయిమ్ ఇవ్వం, పాలసీ కూడా రద్దు చేస్తాం అని రాశారు.

ఈ నిర్ణయం మీద సంతకం పెట్టిన డాక్టర్ ఎవరో నాకు తెలియాలి. వానాకాలంలో వరంగల్‌లో ఏ వీధిలో అడిగినా డెంగీ వచ్చి ప్లేట్‌లెట్స్ తగ్గినవాళ్ళు దొరుకుతారు, వాళ్ళందరికీ రక్త వ్యాధి ఉన్నట్టా? డెంగీలో ప్లేట్‌లెట్స్ పడతాయి, వారం పది రోజుల్లో మళ్ళీ పెరుగుతాయి. వాడికీ అలాగే పెరిగాయి, డెంగీ అని తేల్చిన ఎన్‌ఎస్1 పాజిటివ్ రిపోర్టు, తగ్గాక చేయించిన రిపోర్టు రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ఇక లుకేమియాలో "అక్యూట్" అంటేనే వేగంగా ముదిరేది. ఎముక మజ్జలో బ్లాస్ట్ కణాలు, అంటే ఎదగని రక్త కణాలు, ఇరవై శాతం దాటాక మందు పడకపోతే మనిషి వారాల్లో, మహా అయితే నెలల్లో కుప్పకూలిపోతాడు. మూడేళ్ళు ఏ మందూ లేకుండా అది ఒంట్లో ఉంటే, వాడు రోజూ షాపుకు వెళ్ళి లెక్కలు రాసుకుంటూ ఉండేవాడా?

ఇంకో కాగితం ఉంది, అది మీదే. పాలసీతో పాటు ఏడాదికోసారి ఫ్రీ హెల్త్ చెకప్ ఇస్తారు కదా, 2024లో వాడు దాన్ని వాడుకున్నాడు. మీరు పంపిన ల్యాబ్ మనిషే ఇంటికి వచ్చి రక్తం తీసుకున్నాడు. ఆ రిపోర్టులో హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్స్ అన్నీ నార్మల్. మీరు పంపిన ల్యాబే రక్తం బాగుందని రిపోర్ట్ ఇచ్చాక, అంతకు రెండేళ్ళ ముందు నుంచే రక్తంలో జబ్బు ఉందని ఎలా రాశారు? ఆ రిపోర్ట్ మీ యాప్‌లోనే ఉంది. క్లెయిమ్ చూసినవాళ్ళు దాన్ని తెరిచి కూడా చూడలేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ ఇన్వెస్టిగేటర్ సంగతి. ఆయన ముందు ఆసుపత్రికి వచ్చాడు. ఇండక్షన్ కీమో అంటే మొట్టమొదట ఇచ్చే కీమో, అందులో ఏడు రోజులు ఆగకుండా ఒక మందు ఎక్కుతుంది, మొదటి మూడు రోజులు దాంతో పాటు ఎర్ర మందు కూడా ఇస్తారు. ఆ తర్వాత తెల్ల కణాలు దాదాపు సున్నాకి పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదకు తెస్తుంది. నేనే మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని గానీ లోపలికి వెళ్ళను, బయటి తిండి, కోసిన పండ్లు ఏవీ రానివ్వం. అలాంటి గదిలోకి మీ మనిషి మాస్క్ లేకుండా, చెప్పులతో వెళ్ళి, సిస్టర్ ఆపుతున్నా వినకుండా వాడి చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత వాడికి జ్వరం వచ్చింది. అది ఆయన వల్లే వచ్చిందని నేను అనడం లేదు, కానీ ఆ గదిలోకి ఆయన అలా వెళ్ళకూడదు.

అంతకంటే పెద్ద తప్పు మా ఇంట్లో చేశాడు. మా అమ్మా బాపూ నర్సంపేట దగ్గర ఊళ్ళో ఉంటారు. అమ్మకు బీపీ, షుగర్, గుండెకు స్టెంట్ వేశారు. అందుకే జబ్బు పేరు ఆమెకు చెప్పలేదు, రక్తం బాగా తగ్గింది, ఎక్కిస్తున్నారు అనే చెప్పాం. మొదటి కీమో అయ్యాక, వాడి మొహం చూపిస్తూ నేనే దగ్గర కూర్చుని చెప్పాలని అనుకున్నాను. మీ మనిషి చుట్టుపక్కల వాళ్ళను అడుక్కుంటూ ఇంటికి వెళ్ళి, వాకిట్లో నిలబడి "మీ కొడుక్కు క్యాన్సర్ ఎప్పటి సంది ఉన్నదమ్మా?" అని అడిగాడు. అమ్మ నాకు ఫోన్ చేసి "క్యాన్సరా బిడ్డా, నాకెందుకు చెప్పలే" అంది, ఆ తర్వాత మాట్లాడలేకపోయింది. బాపు ఆమెను ఆటోలో నర్సంపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనేమో హైదరాబాద్‌లో వీడిని వదిలి కదల్లేకపోయాను. ఎంక్వైరీ చేసే హక్కు మీకుంది, కాదనను. కానీ కొడుకు జబ్బు పేరు తల్లికి అలా చెప్పే హక్కు మీకు ఎవరిచ్చారు?

మీ కస్టమర్ కేర్ అమ్మాయి "ప్రభుత్వ ఆరోగ్యశ్రీలో ట్రై చేయండి మేడమ్, పది లక్షల దాకా వస్తుంది కదా" అంది. వాడి పేరు మీద రేషన్ కార్డు లేదు. ఉన్నా సరే, ఏటా జీతంలోంచి మీకు ప్రీమియం కట్టింది ఇలాంటి రోజు కోసమే. ప్రస్తుతానికి మా ఆయన చిట్టీ ఎత్తాడు, నా బంగారం బ్యాంకులో పెట్టాం, బిల్లు ఇంకా పెరుగుతూనే ఉంది. రక్తం సంగతి మాత్రం డబ్బుతో అయ్యేది కాదు. ప్లేట్‌లెట్స్ ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, ఎప్పటికప్పుడు మనుషులు కావాలి. వాడి దోస్తులు కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి వంతులవారీగా వచ్చి ఇచ్చిపోతున్నారు. వాళ్ళ రుణం ఎలా తీరుతుందో తెలియదు. బయటివాళ్ళే అంత చేస్తున్నప్పుడు, డబ్బు తీసుకున్న కంపెనీ తన పని తాను చేయాలి కదా.

రూల్స్ కూడా చదివాను. 2024 మే 29న బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్ మీద గంటలో నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాలి. కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే పాలసీలో ఏ నిబంధన ప్రకారమో రాయాలి. మీ లెటర్‌లో కమిటీ ఊసు లేదు, నిబంధన నంబర్ లేదు, "దాచిపెట్టారు" అన్న మాట మాత్రం ఉంది.

కాబట్టి తిరస్కరణను వెనక్కి తీసుకుని, ఈ అడ్మిషన్‌కు క్యాష్‌లెస్ ఇవ్వండి, మేం ఇప్పటికే కట్టింది తిరిగి ఇవ్వండి. పాలసీ రద్దు ఆలోచన మానుకోండి. ఇది ఒక్క అడ్మిషన్‌తో అయ్యేది కాదు, రెమిషన్ వస్తే, అంటే పరీక్షల్లో జబ్బు కనిపించని స్థితికి వస్తే, అది తిరగబెట్టకుండా కన్సాలిడేషన్ కీమోలు ఉంటాయి, బోన్ మ్యారో మార్పిడి కూడా అవసరం పడొచ్చు అంటున్నారు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరి మజ్జ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతేనట, అది కలుస్తుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ టెస్టుకు నేను రక్తం ఇచ్చాను, రిపోర్టు రావాలి. కలిస్తే దాతగా నాకయ్యే ఖర్చు పాలసీలో వస్తుందో రాదో ఇప్పుడే రాతలో చెప్పండి. మీ రికార్డుల్లో వాడి పేరు పక్కన ఉన్న "దాచిపెట్టారు" అన్న మాట తీసేయండి. రేపు ఏ కంపెనీకి వెళ్ళినా, ఇంతకు ముందు మీ క్లెయిమ్ ఎవరైనా తిరస్కరించారా అని ఫారంలోనే అడుగుతారు, చేయని తప్పు వాడు ప్రతిసారీ రాసుకోవాలా? మా అమ్మకు మీ కంపెనీ బాధ్యత గల వ్యక్తి ఎవరైనా తెలుగులో క్షమాపణ లెటర్ రాయాలి. ఆ ఇన్వెస్టిగేటర్‌ను ఇంకో పేషెంట్ గదికి పంపే ముందు మాస్క్ పెట్టుకోవడం, సిస్టర్ మాట వినడం నేర్పండి.

నెలలోపు జవాబు రాకపోయినా, సరైన జవాబు రాకపోయినా హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. యాభై లక్షల వరకు క్లెయిములు అక్కడ చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో ఈ రోజే నమోదు చేస్తున్నాను. కానీ నెల దాకా ఆగకండి, వాడి తర్వాతి కీమోకు అడ్వాన్స్ ఈలోపే కట్టాలి. డెంగీ రిపోర్టులు, మీ హెల్త్ చెకప్ రిపోర్టు, డాక్టర్ సర్టిఫికెట్, ఆ రోజు వార్డు డ్యూటీలో ఉన్న సిస్టర్ రాసిచ్చిన కాగితం జత చేశాను. ఇంకేదైనా కావాలంటే అన్నీ ఒకేసారి అడగండి, నన్నే అడగండి, మెయిల్‌లో అడగండి.

ఇట్లు,
పాలసీదారు అక్క,
హన్మకొండ