మైలుతుత్తం పోసే ముందు ఒక్క మాట

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. చేపల చెరువంతా నీలి నాచు కమ్మేసింది, మైలుతుత్తం (అదే కాపర్ సల్ఫేట్, రాగి ఉప్పు) పోసేద్దామా అని అడిగావు. పనైతే చేస్తుందిరా. 1904లోనే అమెరికా వ్యవసాయ శాఖలో మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు తాగునీటి చెరువుల్లో నాచుకి ఇదే మందని రాశారు. నా టెన్షనల్లా అది చంపే తీరు గురించే.

మనం నాచు అంటున్నాం గానీ అది సయనోబ్యాక్టీరియా, అంటే మొక్కల్లాగే ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా. అందులో ఫైకోబిలిసోమ్‌లు అనే రంగు ప్రొటీన్ల గుత్తులు ఎండను పట్టి, ఆ శక్తితో పనిచేసే ఫోటోసిస్టమ్ 2 అనే ప్రొటీన్ల యంత్రానికి అందిస్తాయి. అది నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదులుతుంది. అక్కడ బయల్దేరిన ఎలక్ట్రాన్లు చేతులు మారి మారి, చివరికి ప్లాస్టోసయనిన్ అనే ప్రొటీన్ మీదుగా ఫోటోసిస్టమ్ 1 అనే రెండో యంత్రానికి చేరతాయి. తమాషా చూడు, ఆ ప్లాస్టోసయనిన్ పనిచేసేదే రాగితో! రాగి కరువైతే ఇనుమున్న సైటోక్రోమ్ సి6 అనే మరో ప్రొటీన్‌తో సర్దుకునే జాతులూ ఉన్నాయి. అదే రాగి మోతాదు మించితే ఫోటోసిస్టమ్ 2 దగ్గరే దారి మూసేస్తుంది. ఆక్సిజన్ తయారీ పడిపోతుంది, దారి దొరకని శక్తి కణాన్నే కాల్చేస్తుంది.

లోహాల్లో రాగి ఒక్కటే కాదు, పాదరసం ఇంకా దుర్మార్గం. ప్లాస్టోసయనిన్‌లో రాగిని తోసేసి తనే కూర్చుంటుంది. 1989లో ఢిల్లీ జేఎన్‌యూ వాళ్లు స్పైరులినా అనే సయనోబ్యాక్టీరియా మీద పాదరసం ప్రయోగిస్తే ఫోటోసిస్టమ్ 2 మందగించడమే కాదు, ఫైకోబిలిసోమ్‌ల మెరుపు కూడా మారిపోయింది.

ఇక నీ చెరువు సంగతి. మందు పడగానే ఇవన్నీ ఒక్కసారి చస్తే పగలు ఆక్సిజన్ ఇచ్చేవాళ్లు ఉండరు. పైగా చచ్చిన నాచు కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్‌ని కూడా తినేస్తుంది. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కణాలు పగిలితే, లోపల విషం ఉండే జాతులైతే అది కూడా నీళ్లలో కలుస్తుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి డ్యాములో నాచు పెరిగిందని మైలుతుత్తం వేశారు. కొద్ది రోజులకే 148 మంది జబ్బుపడ్డారు, ఎక్కువమంది పిల్లలే. నాకు ఇది చదివినప్పటి నుంచీ ఆ నీలం పలుకులంటే భయం.

అంతగా పోయాలంటే చెరువంతా ఒకేసారి వద్దు, మబ్బు రోజు అసలే వద్దు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకు. మేత తగ్గించి చూడు, నాచుకి బలం సగం అక్కడి నుంచే. ఆల్కలినిటీ (క్షారత) తక్కువున్న నీళ్లలో రాగి చేపలకే ఎసరు పెడుతుంది కాబట్టి ముందు ల్యాబ్‌లో నీళ్లు చూపించి, ఆ అంకె నాకు రాయి. మోతాదు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి