శీనూ, నాయకుల విషయంలో నా లెక్క ఇదీ

ఒరేయ్ శీనూ,

అమెరికా పౌరసత్వం వచ్చిందన్న నీ మెసేజ్ చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఇన్నేళ్ళూ అక్కడ పన్నులు కట్టావు, పిల్లల్ని పెంచావు, ఓటు మాత్రం లేదు. ఇక్కడ బ్రిటన్‌లో మనకి ఆ చిక్కు లేదు. కామన్వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతోనే పార్లమెంటు ఎన్నికల్లో ఓటేస్తున్నాను. ఇక నీకూ ఓటొచ్చింది కదా, "అందర్నీ తిడతావు, అసలు నీకు నచ్చే నాయకుడు ఎవడురా?" అన్న నీ ప్రశ్నకి తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ఎదుటి పార్టీని తిట్టడం ఎవరైనా చేస్తారు, చప్పట్లూ పడతాయి. సొంత వాళ్ళ ముందు నిలబడి వాళ్ళకి నచ్చని నిజం చెప్పగలడా లేడా అన్నదే నేను చూస్తాను. పుట్టుక, పేరు, మతం నాకు లెక్కలోకి రావు. 2024లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన కమలా హారిస్ కోసం ఆమె తాతగారి ఊరు తులసేంద్రపురంలో పూజలు చేశారు, ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా వల్ల ఆమె పూర్వీకుల ఊరు వడ్లూరు పేరు టీవీల్లో మారుమోగింది. ఆ ఊళ్ళ సంతోషం నాకు అర్థమవుతుంది. ఓటు వేసేటప్పుడు మాత్రం అది పనికిరాదు.

రిషి సునాక్ సంగతే చూడు. 2022 దీపావళి రోజున ఆయన అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీకి నాయకుడయ్యాడని, ఇక ప్రధాని ఆయనేనని మన గ్రూపులన్నీ స్వీట్ల ఫొటోలతో నిండిపోయాయి. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది అంతకు ముందే, ఆ వేసవిలో అదే నాయకత్వ పోటీలో లిజ్ ట్రస్ చేతిలో ఓడిపోయినప్పుడు. ఎంపీల చివరి రౌండ్‌లో ఆయనకి 137 ఓట్లు, ఆమెకి 113. కానీ తుది మాట పార్టీ సభ్యులది. వాళ్ళకి పన్నులు తగ్గాలి. తగ్గిస్తానని ట్రస్ చెప్పింది. అప్పు చేసి పన్నులు తగ్గిస్తే ధరలూ వడ్డీలూ పెరుగుతాయని, అది కట్టుకథ అని సునాక్ ఊరూరా సభల్లో కుండబద్దలు కొట్టి చెప్పాడు. సభ్యులు ఆమెకి 81,326 ఓట్లు, ఆయనకి 60,399 ఓట్లు వేశారు. ప్రధాని అయిన ట్రస్ ప్రభుత్వం సెప్టెంబర్ 23న అప్పుతో పన్నులు తగ్గించే మినీ బడ్జెట్ తెచ్చింది, మూడో రోజుకే డాలర్ ముందు పౌండ్ ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. మా ఇంటి లోన్ ఫిక్స్‌డ్ గడువు సరిగ్గా ఆ చలికాలమే ముగిసింది. కొత్త రేటు చూసి నాకూ మా ఆవిడకీ ఎన్ని రాత్రులు టెన్షన్‌తో నిద్రపట్టలేదో! ట్రస్ పదవిలో ఉన్నది 49 రోజులు.

కానీ ప్రధాని అయ్యాక సునాక్‌లో ఆ ధైర్యం పలచబడింది. సొంత పార్టీలో ఒక వర్గాన్ని శాంతింపజేయడానికి అక్రమంగా వచ్చిన వలసదారుల్ని ఆఫ్రికాలోని రువాండాకి పంపే పథకాన్ని పట్టుకుని వేలాడాడని నా అభిప్రాయం. అంత డబ్బు పోసి బలవంతంగా ఒక్కరిని కూడా పంపలేకపోయారు. 2024 ప్రచారం మధ్యలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో, రెండో ప్రపంచ యుద్ధపు సైనికుల్ని స్మరించుకునే డీ-డే సభ నుంచి ముందే వచ్చేసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఆ వృద్ధ సైనికులు మళ్ళీ దొరుకుతారా?

2024లో లేబర్ పార్టీ తరఫున ప్రధాని అయిన స్టార్మర్ విషయంలో నా కోపం వేరు. 2020లో పార్టీ నాయకత్వ పోటీలో లేబర్ సభ్యుల ఓట్ల కోసం పది వాగ్దానాలు చేశాడు. అందులో యూనివర్సిటీ ఫీజుల రద్దు కూడా ఉంది. గెలిచాక ఒక్కొక్కటే జారవిడిచాడు. మనిషి కష్టపడతాడు, లాయర్‌గా మంచి పేరుంది, కాదనను. కానీ 2024లో 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు చేతికొచ్చిన వెంటనే, మేనిఫెస్టోలో మాట మాత్రం కూడా లేని పని చేశారు. చాలామంది పెన్షనర్లకి చలికాలం హీటింగ్ డబ్బు ఆపేశారు. మరుసటి ఏడాది చాలావరకు వెనక్కి తీసుకున్నారు. ముందే చెప్పి ఓటు అడిగి ఉంటే నేను సమర్థించేవాడినేమో. రిఫార్మ్ యూకే పార్టీ ఫరాజ్ గురించి ఒక్క మాట చాలు: తన జనానికి రుచించని మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇక మీ దేశం. 2024 జూన్ 27న ట్రంప్‌తో డిబేట్‌లో బైడెన్ తడబాటు చూసి అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. అంతకు ఎనిమిది నెలల ముందే డీన్ ఫిలిప్స్ అనే మిన్నెసోటా కాంగ్రెస్ సభ్యుడు బైడెన్ మీద ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నిలబడి, మంచి అధ్యక్షుడే కానీ ఈసారి గెలవడు అన్నాడు. సొంత పార్టీ ఆయన్ని వెలివేసినట్టు చూసింది. మార్చిలో తప్పుకున్నాడు. బైడెన్ జూలై 21న తప్పుకునేసరికి ప్రైమరీలు ఎప్పుడో అయిపోయాయి, ఎవరు కావాలో చెప్పే అవకాశం ఓటర్లకి లేకుండా పోయింది. ఆ తర్వాత కమలాని ఒక టీవీ షోలో, బైడెన్ కంటే మీరు ఏం భిన్నంగా చేసేవారు అని అడిగితే, ఏమీ తోచడం లేదంది. ఆమె తెలివైన మనిషి, డిబేట్‌లో ట్రంప్‌ని నిలదీసింది. ఆ ఒక్క జవాబు మాత్రం నేను మర్చిపోలేను.

ట్రంప్ విషయంలోనూ న్యాయంగా ఒకటి చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా డిబేట్‌లో, రిపబ్లికన్ల మధ్యే నిలబడి, ఇరాక్ యుద్ధం పెద్ద తప్పు అన్నాడు. హాలంతా ఛీకొట్టింది. వారం తిరిగేసరికి ఆ రాష్ట్రాన్నే గెలిచాడు. అంత ధైర్యం ఉన్నవాడు 2020లో ఓడిపోయాను అనే రెండు ముక్కలు తన జనానికి చెప్పలేకపోయాడు. తానే గెలిచానన్న ఆ అబద్ధం 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీదికి దూసుకెళ్ళింది. దాన్ని నేను క్షమించలేను. ట్రంప్ పార్టీకే చెందిన కాంగ్రెస్ సభ్యురాలు లిజ్ చేనీ విధానాలు నాకు ఒక్కటీ నచ్చవు, అయినా ఆ అబద్ధాన్ని అబద్ధం అన్నందుకు వయోమింగ్ ప్రైమరీలో 37 పాయింట్లకు పైగా తేడాతో ఓడిపోయినప్పుడు ఆమెకి మనసులో దండం పెట్టుకున్నాను.

అందరిలోకీ నాకు ఇష్టమైన దృశ్యం 2008 అక్టోబర్‌ది. మిన్నెసోటా సభలో ఒకావిడ ఒబామాని అరబ్ అంటే, ఆయనతో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రిపబ్లికన్ మెకెయిన్ మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు, ఆయనతో నాకున్నవి విధానాల్లో తేడాలే అన్నాడు. అరబ్ అయితే మంచివాడు కాకూడదా అని తర్వాత కొందరు అడిగారు, ఆ ప్రశ్న సబబే. కానీ ఓడిపోతున్న మనిషి, తన సభలోనే, తన వాళ్ళు ఛీకొడుతున్నా అలా మాట్లాడటం నేను మళ్ళీ అక్కడ చూడలేదు.

న్యూజెర్సీలో ప్రైమరీ జూన్‌లో కదా. ఏ పార్టీలోనూ పేరు లేకపోయినా ఆ రోజు ఒక పార్టీని ఎంచుకుని ఓటెయ్యొచ్చు. నవంబర్ దాకా ఆగకు, ఫిలిప్స్ లాంటివాళ్ళు ఆలోపే రాలిపోతారు. ఈసారి మీ పక్క ఎవరు నిలబడుతున్నారో, వాళ్ళలో నీకు ఎవరు నచ్చారో వివరంగా రాయి. కమలా మీద నేను రాసింది చెల్లెమ్మకి నచ్చదని తెలుసు. దానికి జవాబు తననే రాయమను.

నీ
రాము