మా హై-హ్యాట్ పెడల్‌ను నిలబెట్టిన ముగ్గురికి కృతజ్ఞతలు

మిర్యాలగూడలో మా ప్రార్థనా మందిరంలోని గాయక బృందానికి నేను ఎనిమిదేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. ఈ క్రిస్మస్‌కు ముందు దాదాపు నెలన్నర పాటు మా ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌లోని హై-హ్యాట్ పెడల్ మమ్మల్ని తీవ్రంగా ఇబ్బంది పెట్టింది. ఆ సమయంలో ఏ ప్రతిఫలమూ ఆశించకుండా మాకు తోడు నిలిచిన ముగ్గురికి అందరి ముందూ ధన్యవాదాలు చెప్పుకోవాలనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరారు కనుక రాయడం లేదు, కానీ వారు చేసిన పని మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి అది ఉపయోగపడుతుంది.

మామూలు డ్రమ్స్‌లో హై-హ్యాట్ అంటే ఒకదానిపై ఒకటి బోర్లించిన రెండు కంచు తాళాలు. కాలితో తొక్కితే అవి మూసుకొని పొడిగా, పొట్టిగా మోగుతాయి, కాలు ఎత్తితే విడిపోయి సాగుతూ మోగుతాయి. మా ఎలక్ట్రానిక్ కిట్‌లో ఆ రెండు తాళాల చోట ఒకే రబ్బరు పలక ఉంటుంది. కాలు ఎంత తొక్కారో పెడల్ చెబుతుంది, దాన్ని బట్టి ఏ ధ్వని వినిపించాలో మాడ్యూల్, అంటే కిట్ ధ్వనులను పుట్టించే పెట్టె, నిర్ణయిస్తుంది. అంటే పెడల్ తప్పు చెబితే, చేయి ఎంత సరిగ్గా పడినా ధ్వని తప్పుగానే వస్తుంది. మాకు జరిగింది అదే. పూర్తిగా తొక్కి పట్టినా తాళాలు సగం తెరిచినట్టు మోగేవి, అప్పుడప్పుడు పాట మధ్యలో ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకొని పెద్దగా ధ్వనించేవి. మృదువుగా సాగే ఆరాధన పాటలో, గాయకులు గొంతు తగ్గించి పాడే చోట అలా జరిగితే బృందం మొత్తం తడబడుతుంది. రెండు ఆదివారాలు మేము పాటను మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

కిట్ కొన్న దుకాణంలో అడిగితే, పెడల్‌ను విప్పి చూడకుండానే కొత్తది కొనవలసిందేనని చెప్పారు. అంత డబ్బు మా బృందం దగ్గర ఆ సమయంలో లేదు.

మొదట సహాయం చేసినవారు మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్లకు, ఊరేగింపులకు వాయించే ఒక డ్రమ్మర్ అన్న. వారితో నాకు ఫోన్ పరిచయమే తప్ప ముఖాముఖి పరిచయం లేదు. అయినా ఆ రాత్రి కార్యక్రమం ముగించుకొని ఇంటికి చేరాక, దాదాపు గంటసేపు నాతో ఓపికగా మాట్లాడారు. వారు అడిగిన మొదటి ప్రశ్న కేబుల్ గురించి. అంతకు వారం క్రితం, లోపం కేబుల్‌లో ఉందేమోననే అనుమానంతో నేను గిటారుకు వాడే కేబుల్ ఒకటి తెచ్చి పెడల్‌కు తగిలించాను. అప్పుడు హై-హ్యాట్ కాలు ఎత్తినా తెరుచుకోకుండా ఎప్పుడూ మూసుకున్నట్టే మోగడంతో మాడ్యూలే చెడిపోయిందని నిర్ధారణకు వచ్చేశాను. ఆ అన్న వెంటనే కారణం చెప్పారు. గిటారు కేబుల్ పిన్నుపై ఒక నల్ల గీత మాత్రమే ఉంటుంది, అది మోనో. పెడల్‌కు కావలసినది రెండు నల్ల గీతలున్న స్టీరియో కేబుల్. పిన్ను పరిమాణం రెండింటికీ ఒకటే, 6.35 మిల్లీమీటర్లు, కనుక మోనో పిన్ను కూడా జాక్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ స్టీరియోలో మధ్యనుండే రింగ్‌ను మోనో పిన్ను నేరుగా అడుగు భాగంతో కలిపేస్తుంది. మా పెడల్ సమాచారం పంపేది ఆ రింగ్ ద్వారానే కావడంతో, కాలు పూర్తిగా తొక్కి పట్టారని మాడ్యూల్ భ్రమపడింది. ఈ ఒక్క మాటతో మాడ్యూల్ మార్చాలనే ఆలోచన నా మనసులోంచి పోయింది. పాత స్టీరియో కేబుల్ మళ్లీ తగిలించాను, ఆ తర్వాత వారు చెప్పినట్టే స్నేర్ ప్యాడ్‌కు వాడే స్టీరియో కేబుల్‌తోనూ పరీక్షించాను. రెండింటితోనూ పాత లోపమే తిరిగి కనిపించింది, కనుక కేబుల్‌లో దోషం లేదని తేలింది.

రెండవవారు మా వీధిలోనే ఉండే ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని. ఈ అమ్మాయికి డ్రమ్స్ గురించి ఏమీ తెలియదు, అయినా తన ల్యాప్‌టాప్ తీసుకొని మందిరానికి వచ్చి, మాడ్యూల్‌ను యూఎస్‌బీ తీగతో దానికి కలిపి, అది పంపే మిడి సందేశాలను తెరపై చూపించింది. వాద్యాలు, యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 1983లో ఏర్పడిన ఈ మిడి పద్ధతిలో పెడల్ స్థితి 0 నుంచి 127 వరకు అంకెలుగా వస్తుంది. మా కిట్‌లో 0 అంటే పూర్తిగా తెరిచి ఉన్నట్టు, 127 అంటే పూర్తిగా మూసినట్టు. నేను నెమ్మదిగా తొక్కుతుంటే అంకెలు పెరిగి 80 దాటగానే ఆగిపోయాయి. కాలు ఎంత గట్టిగా నొక్కినా అవి అక్కడి నుంచి కదలలేదు. నేను గట్టిగా తొక్కి పట్టి మడమ కొద్దిగా కదిపినప్పుడు మాత్రం అవి ఒక్కసారిగా 0కు పడిపోయి మళ్లీ పైకి వచ్చాయి. ఆ రెండు ప్రవర్తనలు వేర్వేరని ముందుగా గమనించింది ఆ అమ్మాయే. ఆగిపోవడానికి ఒక కారణం, పడిపోవడానికి మరొక కారణం ఉండవచ్చని ఒక కాగితంపై రాసి ఇచ్చింది. నేను అంతవరకు ఒకే లోపం కోసం వెతుకుతూ ఉన్నాను.

ఆ కాగితం, పెడల్ రెండూ పట్టుకొని మరునాడు బస్సులో నల్లగొండకు వెళ్లాను. ప్రకాశం బజారు దగ్గర చాలా ఏళ్లుగా రేడియోలు, టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేస్తున్న ఒక పెద్దాయన ఉన్నారని మా బృందంలోని ఒకరు చెప్పారు. డ్రమ్ పెడల్‌ను వారు అంతకుముందు చూడలేదు. అయినా తెలియదని తిప్పి పంపకుండా, విద్యుత్తు కొలతలు చూపే మల్టీమీటర్ తీసి, పెడల్ జాక్‌కు ఆనించి, నన్ను చేతితో నొక్కమన్నారు. తొక్కేకొద్దీ నిరోధం, అంటే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు, మెల్లగా, అంతరాయం లేకుండా తగ్గుతూ రావాలి, ఇక్కడ అది మధ్యలోనే ఆగుతున్నదని చూపించారు. తరువాత అడుగు పలక మరలు విప్పారు. లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డుపై నల్లని కార్బన్ పూత గీతలు, వాటికి ఎదురుగా విద్యుత్తు ప్రవహించే రబ్బరు ముక్క ఉన్నాయి. తొక్కేకొద్దీ ఆ రబ్బరు గీతలను ఎక్కువగా తాకుతుంది, తాకేకొద్దీ నిరోధం తగ్గుతుంది. ఆ రబ్బరు మీదా, గీతల మీదా బూడిద రంగు సన్నని పొడి పేరుకొని ఉంది.

అది ఏమిటో నాకు చూడగానే అర్థమైంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ రైస్ మిల్లులకు చేరే ఆ కాలంలో తవుడు, ఊక దుమ్ము మా పేట గాలిలో ఎప్పుడూ ఉంటుంది. మా మందిరం మిల్లులకు దగ్గరగానే ఉంది, పెడల్ నేల మీదే ఉంటుంది.

పెద్దాయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని నూలు గుడ్డకు కొద్దిగా అద్ది, రుద్దకుండా ఒకే దిశలో తుడిచారు. కార్బన్ పూతను ఉప్పు కాగితంతో గీకినా, థిన్నర్‌తో కడిగినా పూత లేచిపోతుందని, అప్పుడు ఇక ఎవరూ బాగుచేయలేరని గట్టిగా చెప్పారు. ఆరిన తరువాత మళ్లీ కొలిస్తే నిరోధం చివరి వరకు సాఫీగా తగ్గింది. అంతటితో ఆపివేసి ఉంటే నేను సంతోషంగా ఇంటికి వచ్చి, మొదటి పాటలోనే మళ్లీ బాధపడేవాణ్ణి. వారు మాత్రం కాగితంపై ఉన్న రెండవ మాటను మరువలేదు. జాక్‌లో పిన్ను ఉంచి అటూ ఇటూ కదిపితే మల్టీమీటర్ అంకె మాయమైంది. బోర్డుకు జాక్‌ను పట్టి ఉంచే మూడు కాళ్లలో ఒకదాని సోల్డరింగ్ చుట్టూ వెంట్రుకంత సన్నని పగులు ఉంది, దాన్ని భూతద్దంతో నాకూ చూపించారు. కేబుల్ ఎవరి కాలికో తగిలి లాగబడినప్పుడల్లా ఆ బరువంతా ఆ చిన్న కాలిపైనే పడుతుందని వివరించారు. పాత సోల్డర్ తీసివేసి కొత్తది పెట్టారు, మిగిలిన రెండు కాళ్లకూ పెట్టారు. డబ్బు అడిగితే, దేవుని పాటలకు వాడే వస్తువు కనుక తీసుకోనన్నారు, నేను ఎంతగా ప్రాధేయపడినా చివరకు టీ డబ్బులు మాత్రమే తీసుకున్నారు.

తిరిగి వచ్చాక చేయవలసిన పని ఒకటి మిగిలింది, దాన్ని గుర్తుచేసింది మళ్లీ మహబూబ్‌నగర్ అన్నే. మాడ్యూల్ సెట్టింగులలో పెడల్‌ను కాలిబ్రేట్ చేయాలి, అంటే పెడల్‌పై కాలు లేకుండా ఒకసారి, పూర్తిగా తొక్కి మరొకసారి చూపించి, ఆ రెండు హద్దులను దానికి కొత్తగా నేర్పించాలి. పాత హద్దులు పెడల్ మురికిగా ఉన్నప్పటివి కనుక ఇది చేయకపోతే బాగుచేసిన పెడల్ కూడా తప్పుగానే మోగేది. అదే సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ ల్యాప్‌టాప్ తెచ్చింది. అంకెలు 0 నుంచి 127 వరకు ఒక్క మెట్టు కూడా తప్పకుండా ఎక్కాయి.

క్రిస్మస్ రాత్రి ఆరాధనలో ప్రారంభ గీతం నుంచి చివరి పాట వరకు హై-హ్యాట్ నా కాలి మాట విన్నది. ఇప్పుడు సాధన ముగిశాక పెడల్‌పై మందపాటి నూలు గుడ్డ కప్పుతున్నాము, కేబుల్‌ను పెడల్ పక్కనున్న స్టాండుకు ఒక చుట్టు చుట్టి కడుతున్నాము.

అన్నా, మీరు అంత అలసటలో కూడా ఫోన్ ఎత్తి ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే నేను మాడ్యూల్ మార్చే ఆలోచనలోనే ఉండేవాణ్ణి. తల్లీ, నీ పరీక్షల రోజుల్లో మా కోసం రెండు సాయంత్రాలు ఇచ్చావు, నీవు రాసిచ్చిన కాగితం మా మాడ్యూల్ పెట్టెలో భద్రంగా ఉంది. పెద్దాయనా, మీ చేతి సోల్డరింగ్ గట్టిగా ఉంది. వచ్చే నెల నల్లగొండకు వచ్చినప్పుడు మా గాయక బృందమంతా మీ దుకాణానికి వచ్చి మిమ్మల్ని కలుస్తాము.