ఈసారి నిజంగానే మద్దెల ఓడు

సంపాదకులకు,

ఆటిజం ఉన్న యువతీయువకుల రాక్ బ్యాండ్ కచేరీ గురించి పోయిన ఆదివారం మీరు వేసిన వార్త మీద ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఎవరూ రాయలేదు. ‘శబ్దం తట్టుకోలేక చెవులు మూసుకున్న డ్రమ్మర్, మధ్యలో ఆగిన పాట, చెమర్చిన కళ్లు’ అన్నారు. చదివినవాళ్లు పాపం అనుకుని పేజీ తిప్పేసి ఉంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని సామెత. ఆ సాయంత్రం నిజంగానే మద్దెల ఓడు, మాట పడింది మాత్రం ఆడినవాళ్లు.

డ్రమ్స్ వాయించేవాడికి శబ్దం కొత్తా? డ్రమ్‌సెట్ దగ్గర 100 డెసిబెల్స్ దాటడం రోజూ ఉండేదే. తన దెబ్బ ఎప్పుడు పడుతుందో తనకు తెలుసు కనుక అది అతణ్ని బాధపెట్టదు. ఎటునుంచి, ఎప్పుడు వస్తుందో తెలియని కీచు బాధపెడుతుంది. ఆ రోజు వచ్చింది అదే, ఫీడ్‌బ్యాక్. ఎలా వచ్చిందో కూడా చెబుతాను. ముఖ్య అతిథులు మైకుకు మూరెడు దూరంలో నిలబడి మాట్లాడతారు కాబట్టి వాళ్ల గొంతు వినిపించడానికి ఆ మైకు గెయిన్, అంటే చప్పుడును పట్టుకునే శక్తి, బాగా పెంచారు. ప్రసంగాలు అయ్యాక అదే మైకు పాడే అమ్మాయికి ఇచ్చారు, పెంచింది తగ్గించలేదు. స్టేజీ మీద వాయించేవాళ్లకు వినిపించడానికి పెట్టే మానిటర్ స్పీకర్ చప్పుడు మైకులో దూరి, మళ్లీ స్పీకర్లో పెద్దదై వచ్చి, ఇంకోసారి మైకులో దూరి... మూడో సెకనుకల్లా హాలంతా చెవులు మూసుకుంది. వార్తలోకి ఎక్కినవి డ్రమ్మర్ చెవులొక్కటే.

సౌండ్ చెక్, అంటే కచేరీకి ముందు ఒక్కో వాద్యం, ఒక్కో గొంతు వాయించి పాడించి ధ్వని సరిచూసుకోవడం, చేసి ఉంటే ఇది జరిగేది కాదు. ఐదుగురి బ్యాండ్‌కు కనీసం ముప్పావు గంట కావాలి. ముందు డ్రమ్‌సెట్‌లోని కిక్, స్నేర్, హైహ్యాట్, టామ్‌లు, తర్వాత బేస్, గిటార్, కీబోర్డు, ఆఖరున గొంతులు, ఆపైన అందరూ కలిసి ఒక పాట పూర్తిగా. ఆటిజం ఉన్న కళాకారులైతే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. స్నేర్ ఒక్కటే పది నిమిషాలు టపాటపా కొట్టిస్తుంటే మిగతా నలుగురు స్టేజీ మీద ఉండకూడదు, ఒక్కొక్కరినే పిలవాలి. వైరు గుచ్చినా పీకినా ముందు మిక్సర్‌లో ఆ వైరు ఛానెల్ మ్యూట్ చేయాలి, అంటే చప్పుడు రాకుండా ఆపాలి, లేకపోతే స్పీకర్లలో ఠప్పుమని పేలుతుంది. ఇవేమీ బ్రహ్మవిద్యలు కావు. కానీ ఆ ముప్పావు గంటా ప్రసంగాలే మింగేశాయి. పిల్లల గురించే మాట్లాడారు లెండి, పిల్లల్ని తెర వెనక నిలబెట్టి.

పాటల వరుస మార్చడం ఇంకో ఘనకార్యం. అతిథి తొందరగా వెళ్లాలి కాబట్టి నాలుగో పాట ముందు వాయించమన్నారు. వరుస మారితే వీళ్లు కంగారు పడతారని మీ విలేఖరి జాలిపడ్డారు. కంగారు సంగతి తర్వాత. ఆ పాటకు గిటార్ లావు తీగను ‘ఈ’ నుంచి ‘డి’కి దించాలి. కీబోర్డులో ధ్వనులన్నీ పాటల వరుసలోనే భద్రపరిచి ఉంటాయి, ఒక్కో పాటకు ఒక్కో మీట ముందుకు జరుపుతూ పోవడమే. నాలుగోది ముందుకొస్తే ఎంత పేరున్న బ్యాండైనా తడబడుతుంది.

ఇక ఆ ఫొటో. డ్రమ్మర్ చెవుల మీది రక్షణ కప్పులు తీయించి మరీ తీశారు, మొహం బాగా పడాలని! 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది పావు గంట. ఈ లెక్క ఎవరి చెవులకైనా ఒకటే. శబ్దం, వెలుగు లాంటివాటికి అతిగానో తక్కువగానో స్పందించడం ఆటిజం లక్షణాల్లో ఒకటని 2013లోనే అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో చేర్చారు. అయినా పాట పల్లవికి రాగానే టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ లైట్లు వేశారు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మిణుకుమనే వెలుగు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం, ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ మామూలు కంటే ఎక్కువ. ఆ స్విచ్ మీద చెయ్యి వేసినాయనకు ఈ మాట ఎవరూ చెప్పినట్టు లేదు.

2015లో ఫిన్లాండ్ తన తరఫున యూరోవిజన్ పాటల పోటీకి పెర్టీ కురికన్ నిమిపైవాట్ అనే పంక్ బ్యాండ్‌ను పంపింది. అందులోనివారు ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు. ఒకటిన్నర నిమిషం కూడా లేని పాట వాయించి సెమీఫైనల్లోనే వెనుదిరిగారు. పాట నచ్చినవాళ్లు నచ్చిందన్నారు, నచ్చనివాళ్లు గోల అన్నారు. మీ వార్తలో ఏ పాట బాగుందో, ఎవరి తాళం గట్టిదో ఒక్క ముక్క లేదు.

అధికారుల సంగతి సరేసరి. ఐక్యరాజ్యసమితి 2007లో ఏప్రిల్ 2ను ఆటిజం దినంగా ప్రకటించింది కదా, ఆ ఒక్క రోజు భవనాలకు నీలం లైట్లు వేసి చేతులు దులుపుకుంటారు. సౌకర్యం అంటే వాళ్లకు తెలిసింది ర్యాంప్ ఒక్కటే. ర్యాంప్ కట్టారు, సంతోషం. స్టేజీ వెనక నిశ్శబ్దంగా ఉన్న ఒకే ఒక్క గదికి మాత్రం ‘అతిథులకు’ అని కాగితం అంటించారు. ఆ గది బ్యాండ్‌కు ఇచ్చి ఉంటే డ్రమ్మర్ పది నిమిషాల్లో తేరుకుని వచ్చి పాట పూర్తిచేసేవాడు.

మరొక చిన్న సవరణ. ఫొటో కింద ‘గిటార్ వాయిస్తున్న యువతి’ అని వేశారు. ఆమె చేతిలో ఉన్నది నాలుగు తీగల బేస్. మీ ఫొటోలోనే లెక్కపెట్టుకోవచ్చు.

ఇట్లు,
సౌండ్ మిక్సర్ వెనక కూర్చునే ఒక పాఠకుడు