థియేటర్ నర్సు మాటకి కూడా మార్కులు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్‌కి నర్సుని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ చూస్తారు, ఎన్నేళ్ళు చేశావని అడుగుతారు, అంతే. పేషెంట్‌కి ఆక్సిజన్ పడిపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి గట్టిగా చెప్పగలదా లేదా అన్నది ఎవరూ చూడరు. థియేటర్లలోనే పనిచేసి రిటైరైన నర్సుని కాబట్టి దీని గురించి రాయాలనిపించింది.

డెన్మార్క్, నార్వేల్లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మత్తు ఇస్తారు. మన దగ్గర మత్తు ఇవ్వాల్సింది డాక్టరే, నర్సు పక్కనుండి అందిస్తుంది. అయినా అక్కడి నర్సుల్ని పరీక్షించే పద్ధతి మనకీ పనికొస్తుంది. మొదట స్కాట్లాండ్‌లో మత్తు డాక్టర్ల పనితీరుకి మార్కులు వేసే ఒక పట్టిక తయారై 2003లో బయటికొచ్చింది, తర్వాత డెన్మార్క్ వాళ్ళు దాన్ని నర్సులకి తగ్గట్టు మార్చుకున్నారు. ఊపిరి కోసం గొంతులోకి ట్యూబు ఎంత బాగా వేశారన్నది అందులో ఉండదు. పనికి ముందే సిద్ధమైందా, తోటివాళ్ళతో ఎలా మాట్లాడింది, జరుగుతున్నది గమనిస్తోందా, నిర్ణయం ఎలా తీసుకుంది, ఇవే చూస్తారు. అదీ కంటికి కనిపించినదానికీ చెవికి వినిపించినదానికే మార్కు, మనసులో ఏమనుకుందో ఊహించి వేయరు.

ఇంగ్లండ్‌లో 2005లో సైనస్ ఆపరేషన్‌కి వెళ్ళిన ఒకావిడకి మత్తిచ్చాక ఊపిరి అందలేదు. అనుభవం ఉన్న డాక్టర్లే, కానీ ట్యూబు వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి గాలి పంపే సెట్టు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది కూడా. ఇంకో నర్సు ఐసీయూ బెడ్ కోసం ఫోన్ చేసి, డాక్టర్లు చూసిన చూపుకి జంకి వద్దని చెప్పేసింది. ఆవిడ బతకలేదు. ఏం కావాలో నర్సులకి తెలుసు, కానీ వాళ్ళ మాట చెల్లలేదు.

మన దగ్గర ఇది ఇంకా కష్టం. డాక్టర్ ఒడియాలో అడుగుతారు, నర్సు తెలుగావిడ, బల్ల మీద ఉన్న మనిషిది కుయి భాషో సవర భాషో. ఏమైనా తిన్నావా అంటే లేదంటారు, ఎందుకంటే తిన్నది అన్నం కాదు, పొద్దున్నే చోడి అంబలి తాగి వచ్చారు. మామూలు మంచినీళ్ళయితే రెండు గంటల ముందు వరకూ పర్వాలేదు, అంబలి అలా కాదు, మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ ప్రశ్న వాళ్ళకి అర్థమయ్యేలా, అంబలి పేరెత్తి మరీ అడిగే నర్సు చేస్తున్నది పెద్ద పని, దానికి ఏ రికార్డులోనూ చోటు లేదు! డాక్టర్ చెప్పిన డోసుని పైకి తిరిగి చెప్పి, సరే అన్నాకే మందు తీసే అలవాటూ అంతే.

బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీల్లోని మత్తు విభాగాలు దీన్ని మొదలుపెట్టొచ్చు. పెద్ద ఖర్చేం కాదు. ఒక సీనియర్ సిస్టర్, ఒక మత్తు డాక్టర్ కలిసి ఆ పట్టిక వాడటం నేర్చుకుని, కేసు జరుగుతుండగా పక్కన నిలబడి చూసి, అయ్యాక నర్సుతో విడిగా కూర్చుని మాట్లాడితే చాలు. ఈ మార్కుల్ని మాత్రం ఇంక్రిమెంట్లకీ ట్రాన్స్‌ఫర్లకీ ముడిపెట్టకండి, అలా చేస్తే టెన్షన్‌తో ఎవరూ నోరెత్తరు. ఇంకో మాట, నర్సు చెప్పినప్పుడు డాక్టర్ విన్నారా, విసుక్కున్నారా అన్నది కూడా అదే రోజు అదే పట్టికలో రాయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు,
రాయగడ జిల్లా, ఒడిశా